మంత్రిగారు ప్రారంభించిన సీసా

‘మత్తులేని రోడ్డు, ముచ్చటైన ప్రయాణం’ పథకాన్ని రవాణా మంత్రి చంద్రమోహన్‌గారు 2003 వేసవిలో హిందూపురంలో ప్రారంభించారు. దేశంలో మరే మంత్రికీ తట్టని ఆలోచన అది. ఒక ప్రైవేటు బస్సు కంపెనీ షెడ్డులో షామియానా వేశారు. డ్రైవర్లు మూత్రం పరీక్షకివ్వాలి, ఆ తర్వాతే స్టీరింగు ముట్టుకోవాలి. పెనుకొండకు పోదామని ధర్మవరం బస్సు కోసం వచ్చిన నేను ఈ చారిత్రక ఘట్టానికి సాక్షినయ్యాను.

మొదటి గౌరవం డ్రైవర్ తిరుపాల్‌కు దక్కింది. టీ తప్ప వేరే అలవాటు లేని మనిషి. ప్లాస్టిక్ సీసా పట్టుకొని తడికె వెనక్కి పోయాడు. పారదర్శకత కోసం తడికెను నడుము దాకా దించమన్నారు మంత్రిగారు. ఫోటోగ్రాఫర్లు దగ్గరికి జరిగారు.

చాలాసేపటికి తిరుపాల్ ఖాళీ సీసాతో తిరిగొచ్చాడు.

"రాలేదు సార్. ఇంతమంది చూస్తాంటే యాడ వస్తాది?"

"మేం అన్నీ జనం చూస్తాండగానే చేస్తాండాం గదప్పా," అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా.

నీళ్లు తాగించమన్నారు. షెడ్డులో కుళాయి తిప్పితే గాలి వచ్చింది. మంత్రిగారు వెనకాడే మనిషి కాదు. ఏదో కాలనీకి పోతున్న ట్యాంకరును మళ్లించి తెప్పించారు. దాని వెనకే బిందెలతో ఆ కాలనీ ఆడవాళ్లూ వచ్చారు. ఇవి ప్రభుత్వ పరీక్షకు కేటాయించిన నీళ్లని పీఏ వాళ్లకు వివరించాడు. ముందు నిలబడ్డ కుళ్ళాయమ్మ బిందె కింద పెట్టింది.

"అట్లయితే మాకు గూడా పరీక్ష పెట్టండి సార్."

తిరుపాల్ చెంబు మీద చెంబు తాగాడు. కడుపు ఉబ్బింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, సీసాలో మాత్రం చుక్క పడలేదు. ఇంట్లో పిల్లలున్నారని, కాసేపు ఒంటరిగా వదిలితే ఇస్తానని బతిమాలాడు. ప్రజాస్వామ్యంలో చాటుమాటు పనులేమిటని మంత్రిగారు బాధపడ్డారు. సహకరించనందుకు కంపెనీ యజమాని అక్కడికక్కడే అతన్ని సస్పెండ్ చేశాడు.

అప్పుడు ముందుకొచ్చాడు ఇంకో డ్రైవర్ నాగభూషణం. నడక కొంచెం విశాలంగా ఉంది. అతనికన్నా ముందు బ్రాందీ వాసన వచ్చింది. తడికె అవసరం లేదన్నాడు. సీసా నిండుగా నింపి, ఇంకోటి ఉందా అని అడిగాడు. చప్పట్లు మోగాయి. సిబ్బంది అంటే ఇట్లుండాలని మంత్రిగారు స్వయంగా దండ వేశారు.

సీసాలు సర్దుతున్న నర్సు రాధికను రిజల్టు ఎప్పుడొస్తుందని అడిగాను. పరీక్ష చేసే కిట్లు ఇంకా మంజూరు కాలేదట. ఈ ఏడాది బడ్జెట్‌లో సీసాలే వచ్చాయట.

మంత్రిగారు పచ్చజెండా ఊపారు. బస్సు కదిలింది. నాకు ముందు సీటే దొరికింది. నాగభూషణం దండ సర్దుకొని నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, పెనుకొండకు యా పక్క పోవల్ల?"