ముగ్గురు పిల్లలు, నాలుగు పెట్టెలు

ఆ వేళ జాగ్రత్తమ్మ అనుకున్న పని ఒక్కటే. ముందుగది కర్టెన్లు తీసి, ఉతికి, ఎండ ఉండగానే ఆరేసుకోవాలి. ఆవిడ అసలు పేరు వేరే ఉంది గానీ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఎవరు గుమ్మం దాటుతున్నా "జాగ్రత్త" అని సాగనంపుతుంది కనక ఆ మాటే పేరై కూర్చుంది. స్టూలెక్కే ముందు దాని నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే ఊపి చూసుకునే మనిషి.

అలాంటావిడ కడుపున పుట్టిన ఒక్కగానొక్క కూతురు ఆసియా ఖండం సగం చుట్టి వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం చేస్తూ, సెలవులు కూడబెట్టుకుని, ఒకసారి ఇంట్లోవాళ్ళతోనూ మూడుసార్లు స్నేహితురాళ్ళతోనూ వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ ముందు నెల రోజులు ఇంట్లో యుద్ధమే. ఈసారి యుద్ధం వద్దనుకుంది అమ్మాయి. పాత ప్రయాణాల ఫోటోలు ఏరి, అచ్చు వేయించి, ఒక్కోదాని కింద తన చేత్తో నాలుగు ముక్కలు రాసి, లావుపాటి ఆల్బం తయారు చేసింది. పొద్దున్నే అది తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది.

"అమ్మా, నింపాదిగా మొదట్నుంచి చివరిదాకా చూడు. మేం ఎంత హాయిగా తిరిగొచ్చామో నీకే తెలుస్తుంది. సాయంత్రం అయిదింటిలోపు టిక్కెట్లు ఖాయం చెయ్యాలి. నువ్వు సరేనంటే వెళ్తాను. వద్దంటే ఈసారి మారు మాట్లాడను."

"ఆ స్నేహితురాళ్ళే, నలుగురూ వెళ్తున్నారా?"

"నలుగురమే. ఒక్కరు తగ్గినా గది కుదరదు, బండి కుదరదు, అందరం మానుకోవాల్సిందే. కవలల ఇంట్లో ఒప్పుకున్నారు. పొట్టి వాళ్ళమ్మ సంగతి నీకు తెలుసుగా, 'కాళ్ళున్నాయి, వెళ్ళు' అంది. ఇక నీ మాటే మిగిలింది."

పోట్లాడే పిల్ల పోట్లాడనని అనేసరికి జాగ్రత్తమ్మకి ఎక్కడో కలుక్కుమంది. కర్టెన్లు నీళ్ళలో నానబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, ఆల్బం ముందు కూర్చుంది. పిల్లకి సరేనని చెబుదామనే కూర్చుందని ఆవిడ తర్వాత అందరితోనూ అంది. అది నిజం కూడా.

మొదటి పేజీలో ఓడ. డెక్కు మీద అమ్మాయి, నాన్న, పిన్ని, తను. కింద అమ్మాయి రాసింది: "నారింజ రంగులో ఉన్నది అమ్మ." మూడు రోజుల ప్రయాణంలో జాగ్రత్తమ్మ ఒంటి మీద నుంచి ఆ తేలే జాకెట్టు దిగలేదు. దాంతోనే భోంచేసింది, దాంతోనే పడుకుంది. చూసి నవ్వుకుంది. నలుగురు వెళ్ళారు, నలుగురు ఉన్నారు.

తర్వాత మంచుకొండలు. నాలుగు కోట్లు, నాలుగు టోపీలు, మధ్యలో నాలుగు ఎర్రటి ముక్కులు. "ఇక్కడ నా ముక్కు ఉందో ఊడిందో ఇరవై నిమిషాలు తెలియలేదు." తర్వాత ఎడారిలో పోయే రైలు. కిటికీ పక్కన ఎవరో ముసలావిడ అమ్మాయి భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. "ఈవిడ భాష మాకు రాదు, మా భాష ఈవిడకి రాదు. ఆరు గంటలు నా భుజం మీద పడుకుంది. దిగేటప్పుడు తన శాలువా నాకు కప్పి వెళ్ళింది." ఆ శాలువా ఎక్కడిదని అడిగితే అమ్మాయి ఇన్నాళ్ళూ కొన్నానని చెప్పింది. జాగ్రత్తమ్మ కళ్ళొత్తుకుని పేజీ తిప్పింది.

ఆఖరి ప్రయాణం మొన్నటిది. దీవుల దేశం, పెద్ద జలపాతం. బండరాళ్ళ మీద నలుగురు పిల్లలు చేతులు పట్టుకుని నిలబడ్డారు. చివర్న, నీళ్ళవైపు, పొట్టి.

పేజీ తిప్పింది. పడవలో పిల్లలు, తడిసి ముద్దయి, మొహాలు వేలాడేసుకుని. కింద, "ఈ రోజు జన్మలో మర్చిపోలేం." లెక్కపెట్టింది. ముగ్గురు.

వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది. కూతురు, ఇద్దరు కవలలు. తర్వాత పేజీలో పూల అంగడి, ముగ్గురు. ఆ తర్వాత పేజీలో కొండ మీద సూర్యోదయం, ముగ్గురు. అలా పదహారు పేజీలు తిప్పింది, పొట్టి జాడ లేదు. ఆఖరి పేజీలో విమానాశ్రయం. పిల్లలు ముగ్గురు. పక్కన పెట్టెలు నాలుగు.

"పెట్టె తెచ్చారు. పిల్లని తేలేదు," అంది జాగ్రత్తమ్మ, ఎవరూ లేని గదిలో.

ఒక్కొక్కటే గుర్తొచ్చింది. తిరిగొచ్చిన రోజే పొట్టి ఇటు రాకుండా నేరుగా పొరుగూరి హోటల్లో కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోయిందని అమ్మాయి చెప్పింది. అప్పుడే ఇదేం తొందరని తను అనుకుంది కూడా. రెండు నెలలైంది. ఆ పిల్లని ఈ వీధిలో ఎవరూ కళ్ళతో చూడలేదు.

కూతురికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. దుకాణంలో ఫోన్లన్నీ సొరుగులో పెట్టిస్తాడు ఓనరు. పోస్టాఫీసులో ఉన్న భర్తకి చేసింది.

"ఏవండీ, పొట్టి జలపాతంలో పడిపోయింది. పిల్లలు మన దగ్గర దాచారు."

"ఎవరు చెప్పారు?"

"ఆల్బంలో ఉంది. జలపాతం దాకా నలుగురు, తర్వాత ముగ్గురే."

"మరి ఫోటో తీ..."

"ఫోటోలు చూసే చెప్తున్నానండీ," అని ఫోన్ పెట్టేసింది. ఆయనకి ఇరవై ఆరేళ్ళుగా వాక్యం సగంలో ఆగిపోవడం అలవాటే. స్టాంపు వెయ్యాల్సిన కవర్ల వైపు తిరిగారు.

పొట్టి వాళ్ళమ్మ రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. దేనికీ జంకని మనిషి. ఆవిడకి ఈ కబురు ఎలా చెప్పాలో దారి పొడుగునా ఆలోచించి, చివరికి ఏమీ తెలియనట్టు మొదలుపెట్టింది జాగ్రత్తమ్మ.

"అమ్మాయి ఎలా ఉంది వదినా?"

"బానే ఉంది వదినా. ఆదివారం ఫోన్ చేసిందిగా," అంది టైలరమ్మ సూదుల మధ్య నుంచి.

"ఫోనేలే. మనిషిని చూశావా?"

"ఎక్కడ? కొత్త ఉద్యోగం, సెలవివ్వరు. నాదేమో బటన్ల ఫోను, మొహం కనపడదు."

"అదే నేనూ అనుకున్నా. గొంతుదేముంది వదినా, కవలలు ఎవరి గొంతైనా దించేస్తారు. చిన్నప్పుడు వాళ్ళ మాస్టారి గొంతుతో బడికి సెలవిచ్చేశారు, గుర్తుందా?"

టైలరమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి పెట్టెలో వేసింది. జాగ్రత్తమ్మ ఆల్బం తెరిచింది. పదహారు పేజీలూ తిప్పి చూపించి, ఆఖరున పెట్టెల మీద వేలు పెట్టింది. ఆ నాలుగో పెట్టె పొట్టిదే. దానికి తొడిగిన గుడ్డ గౌను టైలరమ్మే కుట్టింది. ఆవిడ బటన్ల ఫోను తీసింది.

అటువైపు పొట్టి ఎత్తింది. హోటల్ కౌంటరు ముందు ఎనిమిది మంది గదుల కోసం నిలబడి ఉన్నారు.

"ఒక్క మాట చెప్పు. నీ ఎడమ మోకాలి మీద మచ్చ ఎలా పడింది?"

"అమ్మా? ఏమైందే నీకు?"

"ఏమీ కాలేదు. మచ్చ ఎలా పడింది?"

"ఇక్కడ మనుషులున్నారే. ఇప్పుడు చెప్పలేను," అని పెట్టేసింది.

"చెప్పలేదు," అంది టైలరమ్మ మెల్లిగా.

"తెలిస్తేగా చెప్పడానికి," అంది జాగ్రత్తమ్మ. "ఇంకోటి కూడా కావచ్చు వదినా. బతికే ఉండి, ఎవరి చేతిలోనో ఉందేమో. 'మనుషులున్నారు' అందిగా. ఎవరా మనుషులు?"

ఓదార్చడానికే అన్నది ఆ మాట. జీవితంలో మొదటిసారి టైలరమ్మ జంకింది. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేసి, ఇద్దరూ కళ్ళజోళ్ళ దుకాణానికి బయల్దేరారు.

అమ్మాయి అక్కడ లేదు. ఒక వృద్ధాశ్రమానికి కళ్ళజోళ్ళు ఇచ్చి రావడానికి వెళ్ళింది, గంటలో వస్తుంది. ఓనరు మర్యాదస్తుడు. ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి సంగతేమిటని అడిగాడు.

"ఈ పేజీ నుంచి ఒకమ్మాయి కనిపించడం లేదండీ," అంది జాగ్రత్తమ్మ ఆల్బం చాపి.

ముప్పై ఏళ్ళుగా ఆయన దుకాణానికి కనిపించడం లేదంటూ వచ్చినవాళ్ళందరికీ ఒకటే వైద్యం. మారు మాట్లాడకుండా ఆవిడ ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, ఒక అద్దం దూర్చాడు.

"ఇప్పుడు?"

"ముగ్గురే."

ఇంకో అద్దం. "ఇప్పుడు?"

"ముగ్గురేనండీ. కాస్త లావయ్యారు."

తర్వాత టైలరమ్మని కూర్చోబెట్టాడు. ఆవిడకీ ముగ్గురే. ఆయన తన కళ్ళజోడు సర్దుకుని స్వయంగా చూశాడు.

"మీ ఇద్దరి చూపులోనూ ఏ దోషమూ లేదమ్మా. ఇక్కడ ఉన్నదే ముగ్గురు."

"విన్నావా వదినా? కళ్ళు చూసేవాళ్ళే చెప్పేశారు," అంది జాగ్రత్తమ్మ. దాంతో టైలరమ్మకి ఆఖరి ఆశ కూడా పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళజోడు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, ఎవరికేమైందో తెలియకపోయినా, తోడుగా కళ్ళొత్తుకున్నారు. ఓనరు అందరికీ మంచినీళ్ళు ఇప్పించాడు.

అమ్మాయి తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి ఇదీ పరిస్థితి.

"పొట్టిని ఏం చేశారే?" అంది తల్లి.

"ఏం చెయ్యడమేంటి? హోటల్లో ఉంది."

"ఇంకా అబద్ధమే. జలపాతం తర్వాత ఒక్క ఫోటోలో చూపించు ఆ పిల్లని."

అమ్మాయి ఆల్బం వైపు చూసింది, తల్లి వైపు చూసింది. సంగతి అర్థమై, నవ్వాలో ఏడవాలో తెలియక నోరు తెరిచేలోపే తలుపు మళ్ళీ ధడాలున తెరుచుకుంది. హోటల్ యూనిఫారం, ఛాతీ మీద బిళ్ళ, ఒగరుస్తూ పొట్టి. తల్లికి మతిమరుపు జబ్బు మొదలైందని నిశ్చయించుకుని, పై అధికారి కాళ్ళావేళ్ళా పడి, పొరుగూరి బస్సు పట్టుకుని వచ్చింది. ఇంట్లో మిషను మీద సగం చొక్కా, తెరిచిన తలుపు చూసి మరీ హడలిపోయింది. పక్కింటివాళ్ళు ఇటు పంపారు.

"అమ్మా, నేనెవరో గుర్తుపట్టావా?" అంది.

టైలరమ్మ ముందు పిల్ల ప్యాంటు ఎడమకాలు పైకి మడిచింది. మచ్చ ఉంది. అది చాలక, మెడలో టేపు తీసి వీపు మీద వేసింది.

"భుజం పదమూడున్నర. నా పిల్లే," అంది. నడుం కూడా చూసింది. "ఒకంగుళం పెరిగింది. హోటల్ తిండి." అప్పుడు గానీ పిల్లని వాటేసుకోలేదు.

"మరి ఫోటోల్లో ఎందుకు లేవు?" అంది జాగ్రత్తమ్మ, ఇంకా పూర్తిగా నమ్మకుండా.

"తీసింది నేనే కదా ఆంటీ. జలపాతం దగ్గర ఎవరినో అడిగితే పదకొండు తీశాడు, ఒక్కదాంట్లోనే మాకు తలకాయలున్నాయి. ఆ తర్వాత కెమెరా ఎవరికీ ఇవ్వలేదు."

"పడవలో ఆ మొహాలేమిటి?"

"అన్నం డబ్బాలు నీళ్ళలో పడిపోయాయి," అంది అమ్మాయి.

దుకాణం అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఓనరు మాత్రం ఆల్బం ఇంకోసారి చూసి, "తీసేవాళ్ళు ఒకరుంటారు. నాకూ తట్టలేదు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోయేదే. కానీ టైలరమ్మ కూతురి చెయ్యి వదల్లేదు. "ఇక చాల్లే. ఈసారి నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అంది.

"అమ్మా, నువ్వేగా కాళ్ళున్నాయి వెళ్ళమన్నావు."

"నీళ్ళున్నాయని అప్పుడు తట్టలేదు. పడవలున్నాయి, బండరాళ్ళున్నాయి. ఈ రెండు గంటలు నేను పడ్డది నాకు తెలుసు."

అమ్మాయి గోడ గడియారం చూసింది. నాలుగు దాటి పావుగంట. మారు మాట్లాడనని పొద్దున మాటిచ్చింది కనక మాట్లాడలేదు. చేతులు కట్టుకుని పక్కకి తిరిగింది. ఆ పిల్ల అలా తిరగడం తల్లి చూసింది. నిమ్మకు నీరెత్తినట్టుండే టైలరమ్మ ఇంట్లో నిప్పు పెట్టింది తనేనని కూడా ఆవిడకి తెలుసు. కుర్చీ జరుపుకుని టైలరమ్మ పక్కన కూర్చుంది.

"అది కాదు వదినా. నలుగురు కలిసి వెళ్తారు. ఒకరికొకరు తోడు."

"నలుగురూ ఒకే పడవ ఎక్కితే?"

"ఎక్కితే తేలే జాకెట్లుంటాయి. నేను మూడ్రోజులు తొడుక్కున్నా, ఏమీ కాలేదు."

"భాష రాదు కదా వదినా. అడగడానికి మనిషుంటాడా?"

జాగ్రత్తమ్మ ఆల్బం తెరిచి రైలు పేజీ చూపించింది. "ఈ ముసలావిడకి మాత్రం భాషొచ్చా? పిల్లకి చలేస్తుందని శాలువా కప్పి వెళ్ళింది. అక్కడా మనలాంటివాళ్ళే ఉంటారు."

"నీకేం, ఎన్నైనా చెప్తావు."

"నాకేం కాదు వదినా. మా అమ్మాయి కూడా వెళ్తోందిగా. దానికి లేని గండం మీ అమ్మాయికెందుకొస్తుంది?"

అమ్మాయి గిరుక్కున తిరిగింది. "అమ్మా, ఇప్పుడేమన్నావ్?"

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో రాకు," అంది జాగ్రత్తమ్మ.

టైలరమ్మ చాలాసేపు టేపు చుట్టింది, విప్పింది. చివరికి నలుగురికీ నడుముకి కట్టుకునే సంచులు తనే కుడతానని, అందులో ఇంటి చిరునామా రాసిన గుడ్డముక్క ఉంచుతానని, రోజూ ఒక్క ఫోటోలోనైనా పొట్టి ఉండాలని షరతులు పెట్టి ఒప్పుకుంది. అయిదుకి పది నిమిషాలుందనగా ఓనరు కంప్యూటరులోనే టిక్కెట్లు ఖాయమయ్యాయి.

భర్త పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి కర్టెన్లు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. జాగ్రత్తమ్మ అరుగు మీద ఊరికే కూర్చుని ఉంది. జరిగిందంతా ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"అయితే వెళ్ళమన్నావన్నమాట."

"అన్నానండీ. అన్న దగ్గర్నుంచి చూస్తున్నా, భయం వెయ్యట్లేదు. లోపల ఎక్కడో ఉండాలి కదా. గంట నుంచి వెతుక్కుంటున్నా. నాకేమన్నా అయిందంటారా?"

ఆయన ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ చెప్పులు వేసుకుని, మర్నాటికి డాక్టరు దగ్గర పేరు రాయించి వచ్చారు.