పాముచెవులాయన హెడ్‌ఫోన్ సంగ్రామము

చెవులు గల సమస్త జనులకు శుభమగు గాక. చెవులుండియు వినని భర్తలకు అంతకంటె మిక్కిలి శుభమగు గాక, దాని యవసరము వారికే మెండు.

మార్తాండుడు నడినెత్తి దాటి అద్దె ఇండ్ల కిటికీల మీద తన ప్రతాపమును నిర్దాక్షిణ్యముగా కుమ్మరించుచున్న వేళ, క్రింది వీథిలో స్కూటర్ల హారన్లు రణభేరుల వలె మ్రోయుచుండగా, పై వాటాలో వాషింగ్ మెషీన్ ప్రళయమేఘగర్జనముతో ఎవరివో గుడ్డలు పిండుచుండగా, వంటగదికిని బాల్కనీకిని నడుమ, ఇస్త్రీబల్లయు కాలు విరిగిన కుర్చీయు ద్వారపాలకులై నిలిచిన ఒకానొక ఇరుకుగదియందు, ఉచ్ఛ్వాసనిశ్వాసఖండనపండితుడును, పెదవిచప్పుళ్ళ పాలిటి కాలయముడును, కాగితఘర్షణధ్వనిసంహారకుడును అగు మహావీరుడొకడు కంప్యూటర్ తెర ముందు వీరాసనమున ఆసీనుడై యుండెను. ఆఫీసులో అతనిని అందరును పాముచెవులాయన అందురు.

అతని వృత్తి యేమనగా, ఎవరెవరో పుస్తకములను గొంతెత్తి చదివి రికార్డు చేసి పంపుదురు. ఆ చదువులోని ఊపిరులు, గుటకలు, దగ్గులు, పుట త్రిప్పు గరగరలు ఏరి పారవైచి, వినువారికి మాటలు మాత్రమే మిగుల్చుట. బియ్యములో రాళ్ళేరువారు చూచి ఏరుదురు, ఇతడు విని ఏరును. అంతియే భేదము.

ఆ వీరుని శిరమున వెలుగొందు హెడ్‌ఫోన్లు పెక్కేండ్ల సహచరములు. చెవులమీది మెత్తల పైతోలు ఊడి, నల్లని పొట్టుగా రాలి, అతని మెడపై చుండ్రు వలె పరచుకొనుచుండెను. ఎడమచెవికి శబ్దము రావలెనన్నచో తీగను ఒక వంపున వంచి, టేపుతో బిగించి, తలను కొంచెము కుడివైపునకు వాల్చి, లోకములో ఎవరిమీదనో అనుమానము గలవాని వలె కూర్చుండవలెను. అట్లు కూర్చుండి కూర్చుండి ఆ వాలు అతనికి స్థిరపడిపోయినది. ఎవరి పెండ్లి ఫోటోలలో చూచినను అతడు పెండ్లికుమారుని శంకించుచున్నట్లే కనబడును.

ఇట్టి ధీరునికి ఒకనాడు ఘోరపరాభవము సంప్రాప్తించెను. అతడు శుద్ధి చేసిన ఒక ప్రేమకథలో, నాయిక కన్నీరు దిగమ్రింగి “నేను నిన్ను” అని ఆగిన ఆ పరమపవిత్రమౌనమున, “పీ...ప్” అని స్కూటర్ హారన్ ఒకటి మ్రోగెను. శ్రోతలు ఫిర్యాదు చేసిరి. ఆఫీసు పెద్దాయన ఆ ముక్కను అందరి యెదుటను స్పీకరులో పెట్టి వినిపించెను. ఒకసారి చాలదని మరల వినిపించెను. నవ్వనివారు లేరు. టీ ఇచ్చుటకు వచ్చినామె కూడ నవ్వెను.

ఇంటికి వచ్చి అతడు తప్పంతయు హెడ్‌ఫోన్ల మీదకు నెట్టెను. ఇవి ఇక పనికిరావనియు, తనవంటి నిపుణునికి అత్యున్నతశ్రేణి శ్రవణకవచము లేకుండుట వృత్తికే అవమానమనియు, ఒకదానిని ఇదివరకే చూచి పెట్టుకొంటిననియు అన్నము తినుచు ప్రకటించెను. ఎదుట కూర్చున్నది అతని అర్ధాంగి, దంతపంక్తినిర్మాణధురీణ. పండ్ల డాక్టర్లకు కట్టుడుపళ్ళు చేసియిచ్చు ల్యాబులో ఆమె ఉద్యోగము. అరగీటు తేడాను వ్రేలిగోటితో పట్టగల ఆమెకు పనిముట్టును నిందించు పనివాడన్న ఒళ్ళు మంట. ఆమె మామూలుగా భర్తను నువ్వు అనును. మీరు అన్నదనగా యుద్ధము మొదలైనదని అర్థము.

“హెడ్‌ఫోన్లకేమీ కాలేదు. పోయినవి మీ చెవులు,” అనెను.

అతడు ముద్ద నోటిలో నుండగనే చేయి కడిగికొనెను. ఆ మాట అతనికి క్రొత్తది కాదు. అద్దము ముందు నిలిచి తనలో తాను అనేకమార్లు అనుకొని భయపడిన మాటయే. వయసు నలుబది దాటినది. జుట్టు పోయినచో టోపీ కలదు, చూపు పోయినచో కళ్ళజోడు కలదు. చెవి పోయిన పాముచెవులాయన ఎవరికి కావలెను? ఆ భయము నిజమైనది, దానిని చూచి ఈ కథకుడు సహితము నవ్వడు.

మరునాడు అతడు దండయాత్ర వెడలెను. దుకాణము లోపల నిశ్శబ్దమును సైతము అమ్మకమునకు పెట్టినట్లుండెను. గాజుబీరువా నడుమ, నల్లని మఖమలుపై, పట్టాభిషేకమునకు సిద్ధమైన రాకుమారుని వలె ఆ హెడ్‌ఫోన్లు శయనించి యుండెను. ధరచీటి చూచిన తోడనే వీరుని కన్నులు తమంతట తామే మూతపడినవి. ఇంటిలోని ఫ్రిజ్జును మంచమును కలిపి అమ్మినను దానికి సరిరావు. దుకాణదారు గుసగుసగా, “కొనమని నేను చెప్పనండి. ఒక్కసారి పెట్టుకోండి, అవే చెప్తాయి,” అనెను.

పెట్టుకొనెను. లోకము ఆరిపోయినది. ఆ మహానిశ్శబ్దమున నిలిచి అతడు లోలోన ఇట్లు ఘోషించెను: “ఓయి వివేకమా, ఇన్నాళ్ళు నా యుప్పు తిని నేడెచట దాగితివి? కొన్నచో కుటుంబద్రోహి నగుదును, కొననిచో వృత్తిద్రోహి నగుదును. కొని దాచినచో దొరికిపోవుదును, కొనక వగచినచో కడుపుబ్బి పోవుదును. ఎవ్వని చెవులు దుమ్ముకణము నేలబడు చప్పుడును వినెనని ఖ్యాతికెక్కెనో, వాడు స్కూటరు హారను వినలేదని లోకము పలుకుచుండగా, ఈ తల భుజములపై ఏల యున్నది, హెడ్‌ఫోన్లు పెట్టుకొనుటకు గాక?”

దుకాణదారు ఆ మౌనమును చదివినవాడై, వారముపాటు ఇంట వాడుకొని నచ్చనిచో తిరిగి ఇచ్చివేయవచ్చుననియు, సంతకమొక్కటి చాలుననియు చెప్పెను. ఊరక ఇచ్చినచో ఫినాయిలైనను త్రాగు జాతి మనది. వీరుడు నిలిచినచోటనే సంతకము చేసెను.

ఇంట ఆ కవచము ధరించి అతడు మొట్టమొదట విన్నది ఆ ప్రేమకథనే. హారన్ వినబడెను. వినబడుటయే కాదు, చక్కగా జ్ఞాపకమునకు వచ్చెను. నాడు పాత హెడ్‌ఫోన్లతోను అతడు దానిని స్పష్టముగా వినియుండెను. విని, అది వీథిలోని స్కూటరే అనుకొని, కిటికీలోనుండి తల బయటపెట్టి, ఆ దారిన పోవు నిరపరాధి నొకనిని నోటికి వచ్చినట్లు తిట్టియుండెను. అనగా చెవులు పోలేదు. తోలూడిన మెత్తల సందులోనుండి వీథి యంతయు లోనికి వచ్చుచుండుటచే, ఏ హారను కథలోనిదో ఏది బజారులోనిదో తేడా చెడినది. ఆ యానందమున అతడు ఆనాడు చదువరుల కడుపులో గుడగుడలు సహితము ఏరి పారవైచెను. ఒకామె మధ్యాహ్నము భోజనము చేయలేదని గ్రహించి జాలిపడెను కూడ.

కాని ఆ యింట ఒక సంధినియమము కలదు. దానిని చెప్పక కథ సాగదు. ఆ దంపతులు ఎన్నడును మొగము మొగము చూచుకొని తప్పు ఒప్పుకొన్నవారు కారు. పోట్లాట జరిగిన మరునాడో మూడవనాడో ఆమె అతని కుర్చీ వెనుక నిలిచి, ఇస్త్రీబల్లతోనో గోడతోనో మాట్లాడునట్లు, చెప్పవలసినది చెప్పును. అతడు తల త్రిప్పడు, హెడ్‌ఫోన్లు తీయడు, విననట్లే పని చేసికొనును. కొంతసేపటికి లేచి రెండు కప్పుల టీ పెట్టును. అంతటితో యుద్ధము సమాప్తము. ఈ రాయబారమంతయు ఏండ్ల తరబడి ఆ తోలూడిన మెత్తల సందుననే నడచినది. ఆ సంగతి ఆమె ఎన్నడును అడుగలేదు, అతడు ఎన్నడును చెప్పలేదు.

ఈ మారును ఆమె వచ్చెను. నిలిచెను. చెప్పవలసినదంతయు ఇస్త్రీబల్లతో చెప్పెను. ఆ సమయమున వీరుడు నూతనకవచధారియై, ఏ వాక్యము మరల చదువవలెనో చదువరికి మైకులో చెప్పి రికార్డు చేయుచు, నడుమ నడుమ తెర చూచుకొనుచు మౌనము వహించుచుండెను. ఆమె మాట ఒక్కటియు అతని చెవి సోకలేదు. ఆమె వంటగదిలో చాలసేపు కూర్చుండి టీ కొరకు ఎదురుచూచెను. రాలేదు.

నాటినుండి ఆమె “మీరు”ను దాటి “తమరు”నకు పోయెను. తమరికి అన్నం వడ్డించాను, తమరి తువ్వాలు ఆరింది. రాత్రి దిండు నడుమకు వచ్చెను. అతడు ఇదంతయు ధరచీటి మహిమ యనుకొనెను. ఆమె మాత్రము, ఇన్నేండ్లలో మొదటిసారిగా ఈయన సంధిని తిరస్కరించెనని నమ్మి, లోలోన క్రుంగిపోయెను.

ఒక సెలవునాటి ఉదయమున అతడు చదువరికై చేసిన ఆ సూచనల రికార్డును పంపుటకు ముందు శుద్ధి చేయబూనెను. తన మాటల నడుమ, తెరమీద, చిన్న చిన్న అలలుగా ఏదియో రొద కనబడెను. వెనుకటి రొద కనబడినచో అతడు వినడు, ముందు తుడుచును. అది వృత్తి నేర్పిన చేతివాటము. కత్తి దూసెను, తుడిచెను. అలలు చదునైనవి. విజయగర్వమున ఒకమారు వినెను. మౌనము. మౌనము. పిమ్మట, తుడుపునకు అందక మిగిలిన తునక యొకటి: నాలుకను పైపండ్లకు తాకించి చేయు చిన్న “చ్”.

లోకములో ఆ “చ్” చేయునది ఒక్కతెయే. కష్టమైన మాట చెప్పుటకు ముందు చేయును.

వీరుడు కుర్చీని ముందునకు లాగుకొనెను. తుడిచినదానినెల్ల వెనుకకు తెప్పించెను. శబ్దమును పెంచెను. అపుడా మహార్హశ్రవణకవచము తన సమస్తకౌశలమును వెల్లడించి, ఏ మాటనైతే నాడు చెవి చేరనీయలేదో దానినే అక్షరమక్షరము, గుటకతో సహా వినిపించెను:

“చ్. నీ చెవులు పోయాయన్నాను. అనకూడని మాట. ఆ రోజు ఒక పెద్దాయన పళ్ళు కొలత తప్పి మొదటినుంచీ చేయాల్సొచ్చింది. ఆ కోపం తెచ్చి నీమీద పడేశాను. నీ చెవులకేం కాలేదు. నిద్రలో నేను అటు తిరిగినా నీకు తెలుస్తుంది, నాకు తెలుసు. ఆ హెడ్‌ఫోన్లు కావాలంటే కొనుక్కో. ఇంట్లో నా మాట వినేవాడివి నువ్వొక్కడివే, అదొక్కటి గుర్తుపెట్టుకో.”

పెక్కు గొంతులనుండి వణుకు తీసివేసిన ఆ మనిషి ఈ గొంతులోని వణుకును ముట్టలేదు. ముట్టుటకు చేతులాడలేదు. కండ్లు తుడుచుకొని, కవచమును బల్లమీద పడవైచి, వంటగది ద్వారమున నిలిచి, ఎన్నడును చేయని సాహసము చేసెను. ఆమె మొగము చూచి మాట్లాడెను.

“నువ్వన్నది రికార్డులో ఇప్పుడే విన్నాను,” అనెను. “ఆ కొత్తవాటిలో నువ్వు వినపడవు.”

ఆమె కూరగాయల కత్తి దింపెను. చాలసేపు చూచెను. మొదట మొగము తేటపడెను. పిమ్మట ఆ దంతశిల్పిబుద్ధి మేలుకొనెను.

“కొత్తవాటిలో వినపడను. అంటే పాతవాటిలో వినపడేదాన్నా?”

వ్యూహము మూసికొనెను. వీరునికి వెలికివచ్చు దారి కానరాలేదు.

“అన్నీనా?”

“అన్నీ కాదు.”

“చెత్త బయట పెట్టమని చెప్పింది?”

అతడు నేల చూచెను. ఇన్నేండ్లుగా వినబడలేదను ఒక్క కోటలో తలదాచుకొన్నవానికి ఆ కోట తన చేతులతోనే కూలినది. ఆమె కోపించుటకు ఊపిరి పీల్చెను గాని నవ్వు ముందు వచ్చి, అటు తిరిగి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో నవ్వెను. అతనికి ఆ నవ్వు వినబడెను. ఇంత సంతోషము అతనికి ఈ మధ్య కలుగలేదు.

ఇక నిర్ణయమే మిగిలెను. పాతవి పెట్టుకొన్నచో హారన్లు కథలో చొచ్చును, క్రొత్తవి పెట్టుకొన్నచో ఇల్లాలు కథనుండి తప్పును. ఇటు నుయ్యి, అటు గొయ్యి. ఈ ధర్మసందేహమును అతడు చేతులు త్రిప్పుచు, మూడు వాక్యాలంకారములతో ఆమె ముందుంచగా, ఆమె వంకాయ కోయుచు తల యెత్తకయే అనెను:

“కిటికీ మూసుకుంటే సరిపోదూ?”

వీరుడు త్రిప్పుచున్న చేతులను దింపెను.

ఆ సాయంకాలమే అతడు కవచమును మఖమలుతో సహా తిరిగి తీసికొనిపోయెను. దుకాణదారు కలత చెంది, ఏమి లోపమని అడిగెను.

“లోపమేం లేదండి. ఇవి పెట్టుకుంటే మా ఆవిడ మాట వినపడటం లేదు.”

దుకాణదారు అతనిని జాలిగా చూచి, “అందరూ కొనేది అందుకేనండీ,” అనెను.

ఇంటికి వచ్చి, ఆ శబ్దశత్రుభయంకరుడు, ఆ మహాహారన్మదభంజకుడు, తన గదిలో కుర్చీపై కెక్కి, ఏండ్లుగా బిగిసిన తుప్పుగొళ్ళెమును రెండుచేతుల పట్టి, పండ్లు గిట్టకరచి, సింహనాదము చేయుచు లాగి, కిటికీ మూసెను. వీథిలోని స్కూటర్లు దిక్కు లేక మూగవోయినవి. తోలూడిన హెడ్‌ఫోన్లను తలకెక్కించి, తల కొంచెము కుడికి వాల్చి, ఆ ప్రేమకథ నాయిక మౌనమునుండి హారనును పుల్లతో ముల్లు తీసినట్లు తీసివైచెను. దిక్కులార వినుడు, దిక్పాలకులార గుర్తించుడు: దమ్మిడీ వ్యయము కాలేదు, చెవులు చెడలేదు, కిటికీ మూతపడినది. ఇట్టి విజయము ముల్లోకములలో ఇంతకుముందు ఎవరికిని అక్కరపడలేదు.

అంతలో కుర్చీ వెనుకనుండి ఇస్త్రీబల్లతో ఎవరో మాట్లాడుచున్న సవ్వడి యైనది. చెత్తబుట్ట నిండిపోయి మూత కూడ పడుటలేదని దాని సారాంశము. వినబడలేదని చెప్పుటకు ఇక వీలు లేదు గనుక, విజేత లేచెను.