రాని బస్సే మంచి బస్సు

మా ఊరికి బస్సు రావడం మానేసిన రోజే మా ఊరు బాగుపడింది. నవ్వకండి! సీరియస్‌గానే చెబుతున్నాను.

మాది మార్ష్‌బెక్. ఇంగ్లండులో ఉత్తరాన, వాన ఆగితే జనం కంగారుపడి ఆకాశం వైపు చూసే ఊరు. మార్కెట్ మూల మీద, బేకరీ ఎదురుగా మా బస్‌స్టాప్. పదిహేడో నంబరు బస్సు అక్కడి నుంచి ఏరు దాటి కోల్డర్‌విక్ వెళ్ళేది. వంతెన రిపేరని దాన్ని తాత్కాలికంగా ఆపారు. వంతెన బాగైంది. దాని మీద కార్లు పోతున్నాయి, లారీలు పోతున్నాయి, గొర్రెలు కూడా పోతున్నాయి. బస్సు మాత్రం ఇంకా తాత్కాలికంగా రావడం లేదు.

మరి బస్‌స్టాప్ బోసిపోయిందా? ఎంత మాట! రోజూ పొద్దున్నే క్యూ కడుతూనే ఉన్నాం. మొదటి రోజు సంగతి తెలియక నిలబడ్డాం. మర్నాడు తెలిసీ నిలబడ్డాం. ముందున్నవాళ్ళు కదలకుండా వెనకవాళ్ళు వెళ్ళిపోతే ఏం మర్యాద? ముందున్నవాళ్ళే కదిలిపోతే వెనకవాళ్ళని అవమానించినట్టు కాదూ? అంచేత ఎవరూ కదల్లేదు. క్యూ ఉంది కదా అని దారినపోయేవాళ్ళూ వచ్చి చేరుతున్నారు. దేనికని అడగడం మా ఇంటావంటా లేదు.

బస్సు వచ్చే రోజుల్లో ఏముండేది చెప్పండి? వాన గురించి మాట మంచి రసపట్టులో ఉండగా బస్సొచ్చి పడేది! ఇప్పుడా బెంగ లేదు. వాన దగ్గర మొదలుపెట్టి, పొగమంచు మీదుగా, మళ్ళీ వాన దగ్గరికే తీరిగ్గా చేరుకోవచ్చు.

క్యూలో మా కత్‌బర్ట్ ఉంటాడు. రిటైరైన పోస్ట్‌మాన్. ఊళ్ళో ప్రతి రాయి మీదా ఆయనకో అభిప్రాయం ఉంది.

"రౌండ్‌అబౌట్ మధ్యలో పూలమొక్కలు నాటారు చూడు, అప్పుడే పోయిందయ్యా ఈ ఊరు!" అంటాడు.

"పూలు బాగానే ఉన్నాయిగా?" అంటాను నేను.

"బాగున్నాయనేగా నా ఏడుపు! కోల్డర్‌విక్ వాళ్ళు చూడ్డానికొస్తున్నారు!"

కోల్డర్‌విక్ వాళ్ళంటే మాకు పడదు. బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కి థాంక్స్ చెప్పని మనుషులు వాళ్ళు. అంతకుమించి చెప్పడం మర్యాద కాదు.

ఈ క్యూలో ఒక పెళ్ళి కూడా కుదిరింది, తెలుసా? పెళ్ళికొడుకుది మూడో స్థానం, పెళ్ళికూతురిది ఐదోది. నాలుగో ఆయన తన చోటు వదులుకోలేక, వాళ్ళ ప్రేమ కబుర్లన్నీ గొడుగు కింద బిక్కచచ్చి విని, చివరికి సాక్షి సంతకం పెట్టాడు. కదిలే బస్సులో ఇలాంటివి జరుగుతాయా?

ఇక క్యూలో ఎప్పుడూ మొదట ఉండేది హిల్డా. ఆవిడ మొగుడు నోరిస్‌కి కాళ్ళు పడిపోయి కోల్డర్‌విక్‌లో పెద్దవాళ్ళ ఆశ్రమంలో ఉన్నాడు. ఆయన గది కిటికీలోంచి చూస్తే అక్కడి బస్‌స్టాప్ కనిపిస్తుంది. బస్సున్నప్పుడు హిల్డా రోజూ బేకరీలో ఆయన కోసం వేడివేడి కస్టర్డ్ టార్టు, అదే, పాలూ గుడ్ల తీపి నింపిన చిన్న రొట్టె, కొనుక్కుని వెళ్ళేది. ఇప్పుడు ఎవరైనా కారులో తీసుకెళ్తే ఎప్పుడో ఒకసారి వెళుతుంది. తీసుకెళ్ళమని నోరు తెరిచి అడగదు. టార్టు మాత్రం రోజూ కొంటుంది. "ఒకవేళ బస్సొచ్చిందనుకో, ఉత్త చేతుల్తో ఎలా వెళ్ళను?" అంటుంది. ఇందులోనూ లాభమే! చల్లారాక ఆ టార్టు మేమంతా పంచుకు తింటాం.

మొన్న మా కౌన్సిలర్ పెంబర్టన్ గారు క్యూ చూసి పొంగిపోయారు.

"మిమ్మల్ని చూస్తే ముచ్చటేస్తుందండీ! బస్సు తీసేస్తే మిగతా ఊళ్ళవాళ్ళు నానా రభసా చేశారు. మీ దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదు లేదు! మీకు బస్సు అక్కర్లేదని మాకప్పుడే అర్థమైంది. ఏమ్మా హిల్డా, ఇబ్బందేం లేదుగా?"

హిల్డా టార్టు పొట్లం గుండెకి అదుముకుంది. "ఏదో గడిచిపోతోంది బాబూ. చెప్పుకునేంత కష్టమేం లేదు."

మేమంతా తలలూపాం. ఇల్లు తగలబడుతున్నా మా ఊళ్ళో జవాబు ఇదే.

ఆ మర్నాడే వింత జరిగింది. బస్సొచ్చింది! మా బస్సు కాదు, దారి తప్పిన టూరిస్టు బస్సు. మా ముందే ఆగి తలుపు తెరుచుకుంది.

"కోల్డర్‌విక్‌కి దారెటండీ? ఖాళీగానే పోతున్నా, ఎక్కండి కావాలంటే!" అన్నాడు డ్రైవర్. అందరం వంతెన వైపు చెయ్యి చూపించాం.

హిల్డా మొహం వెలిగిపోయింది. కాలు ఎత్తింది. అంతలో వెనక చంటిపిల్లతో నిలబడ్డ అమ్మాయి ఆవిడ కంటపడింది.

"నువ్వెక్కు తల్లీ, పిల్లతో ఉన్నావు."

"అయ్యో, మీరేగా ముందున్నది పెద్దమ్మా!"

"పోనీ కత్‌బర్ట్‌ని ఎక్కనీ. పాపం, మోకాళ్ళ నొప్పులు."

"నా మోకాళ్ళకేం? ఆడవాళ్ళు కింద నిలబడితే నేనెక్కి కూర్చుంటానా? భలేదానివే!"

నేను మాత్రం తక్కువ తిన్నానా? టోపీ తీసి, "ముందు మీరు, ముందు మీరు" అంటూ అందరికీ దారిచ్చాను. అందరూ అందరికీ దారిచ్చారు. డ్రైవర్ చూశాడు, చూశాడు. వీళ్ళెవరికీ వెళ్ళే పని లేదనుకున్నాడు పాపం. తలుపు మూసుకుంది. "ఆగవయ్యా!" అని అరవబోయాను. నా నోట్లోంచి "సారీ" అని వచ్చింది.

హిల్డా ఆ బస్సు వంతెన దాటేదాకా చూస్తూ నిలబడింది.

"ఆ కిటికీలోంచి చూస్తుంటాడు. బస్సొచ్చిందని సంబరపడతాడు," అంది. "నేను దిగలేదేమా అనుకుంటాడు."

ఆరోజు టార్టు ఎవరూ ముట్టుకోలేదు.

అయ్యా, బస్సుల ఆఫీసువారూ! ఇది ఫిర్యాదు కాదు. అలాంటి అలవాటు మాకు లేదు. బస్సు రాక మేం పడుతున్న సుఖాలు మీతో చెప్పుకున్నానంతే. ఈ సుఖం ఇక మావల్ల కాదు, బస్సు పంపండి. డ్రైవర్‌ని తలుపు తీసి ఒక్క క్షణం ఆగమనండి చాలు. ఈసారి హిల్డాని మేమే ఎత్తి లోపల కూర్చోబెడతాం. సారీ కూడా చెప్పం.