గోడ అవతలి గట్టిమేళం

ఆ శనివారం పొద్దున ఆంజనేయప్రసాద్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పెరట్లో కుర్చీలు వేయాలి. టీవీని వంటింటి కిటికీలో నిలబెట్టి జూమ్ పెట్టాలి. కూతురి పెళ్ళి చేయాలి. పులిహోర తిని పడుకోవాలి.

కోవిడ్ వచ్చాక అది రెండో వేసవి. జూలై మొదటివారం దాటితే ఆషాఢం. పెళ్ళికూతురు ఆశ్రిత, పెళ్ళికొడుకు వెంకట్ ఇద్దరూ డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో ఒకే ఆఫీసు, ఇప్పుడు ఇద్దరూ ఇంట్లోంచే పని. వెంకట్ తల్లి రమాదేవి ప్రయాణం కుదరక కరీంనగర్‌లోనే ఉండిపోయి, జూమ్‌లోంచే వియ్యపురాలి హోదా చలాయిస్తోంది. పురోహితుడు లక్ష్మీనారాయణ శాస్త్రి కూడా తెనాలి నుంచి అదే జూమ్‌లో ఉన్నాడు. రమాదేవి పెట్టిన షరతులు రెండే.

"ముహూర్తం తప్పొద్దు, బాజా తప్పొద్దు. గీ రెండిట్ల ఏది తప్పినా శ్రావణంల చేస్కుందాం, అన్నా. నాకేం తొందర లేదు."

తొందర ఆశ్రితకుంది. ఈ పెళ్ళి ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. "డాడ్, ఇంకోసారి వాయిదా అంటే నేను రాను. మీరూ వెంకట్ చేసుకోండి," అని ఆమె తండ్రికి ముందే చెప్పేసింది. ఆమె మాట మీద నిలబడే మనిషని ఆంజనేయప్రసాద్‌కి తెలుసు. ఆ గుణం తన వైపు నుంచే వచ్చింది.

గట్టిమేళం కోసం అతను బ్లూటూత్ స్పీకరు ఒకటి కొన్నాడు. ముందురోజు పెరట్లో పరీక్షించి, అద్భుతంగా ఉందని అందరితో అనిపించుకుని, అక్కడే వదిలేసి లోపలికొచ్చాడు. రాత్రంతా డబ్లిన్ పక్కన వాళ్ళుండే మెయ్‌నూత్‌లో వాన. పొద్దున స్పీకరులోంచి నీళ్ళు తప్ప ఏమీ రాలేదు. ఫోనులో పెడితే దోమ సన్నాయి ఊదినట్టుంది. టీవీలో పెడదామంటే, జూమ్‌ని కదిపితే శాస్త్రిగారు పోతారు.

"ఏమండీ, పక్కింటాయన్ని అడగరాదూ," అంది భార్య సత్యవాణి. "రోజూ ఏదో వాయిస్తుంటాడుగా."

"ఆయనా? ఆయన ఇంకా నేర్చుకుంటున్నాడు. ఒకే ముక్క పదిసార్లు వాయిస్తాడు. మొన్న నేనే చెప్పా, బాగా సాధన చెయ్యండి, వస్తుంది అని."

"ఏమన్నాడు?"

"థాంక్స్ అన్నాడు."

పక్కింటి కోలమ్ డెబ్భై దాటిన మనిషి. లాక్‌డౌన్‌లో సత్యవాణి గోడ మీద పెట్టిన ఉప్మా గిన్నెల్ని కడిగి, ఆపిల్ కేకుతో తిరిగి పెట్టేవాడు. ఆయన వాయించేది ఐర్లండ్ వాళ్ళ ఇలన్ పైప్స్. ఒళ్ళో తోలుసంచి, మోచేతి కింద గాలికొట్టే తిత్తి, వేళ్ళ కింద సన్నాయి లాంటి గొట్టం. నోటితో పనిలేదు కాబట్టి మాస్కు పెట్టుకుని కూడా వాయించవచ్చు. పెళ్ళిళ్ళలో బాజాలు వాయించకూడదని ఆ వేసవిలో నిబంధన ఉంది. కానీ పక్కింటాయన తన తోటలో కూర్చుని తన వాద్యం వాయించుకుంటే దాన్ని పెళ్ళి అనరు. ఈ తర్కం ఆంజనేయప్రసాద్‌కి బాగా నచ్చింది.

గోడ దగ్గర బేరం ఇంగ్లీషులో నడిచింది. కోలమ్ ఫోనులో గట్టిమేళం ఒక్కసారి విన్నాడు, కళ్ళు మూసుకుని.

"ఏ శ్రుతిలో కావాలి?"

"ఏదైనా ఫరవాలేదు. గట్టిగా ఉంటే చాలు."

కోలమ్ అతన్ని కాసేపు ఆసక్తిగా చూశాడు. "ఎప్పుడు మొదలుపెట్టాలి?"

"టీవీలో పంచె కట్టుకున్నాయన చెయ్యెత్తుతాడు. ఎత్తగానే మొదలు, దించగానే ఆపడం. అంతే."

"చెయ్యెత్తగానే," అన్నాడు కోలమ్. "గ్రాండ్."

అనర్థం అక్కడ మొదలైంది.

పెళ్ళి చక్కగానే నడిచింది. వధూవరుల మధ్య తెర పట్టారు. శాస్త్రిగారు తెనాలిలో మంత్రాలు చదువుతున్నారు. అప్పుడు గోడ అవతల కోలమ్ తన వాద్యాన్ని సరిచూసుకుంటూ, గాలి సరిపోయిందో లేదో తెలియడానికి ఒక చిన్న వరస వాయించాడు. కొండదిగే పొగమంచులా కిందికి జారి, నేలకి తగిలే ముందు పైకి లేచిపోయే వరస.

తెర ఇవతల వెంకట్ బిగుసుకుపోయాడు.

రికార్డుల మీద పేరున్నవాళ్ళని లోకమంతా వింటుంది. వెంకట్ పేరు లేనివాళ్ళని వినేవాడు. పెద్ద పెద్ద రాక్ గాయకుల వెనకాల, బ్లూస్ పాటల వెనకాల, ఒక్క మధ్యాహ్నం వచ్చి వాయించి, కూలి తీసుకుని బస్సెక్కి వెళ్ళిపోయే సెషన్ వాద్యకారులంటే అతనికి ప్రాణం. ఫలానా పాటలో గిటారు ఎవరిది, ఫలానా చరణంలో వయొలిన్ ఎవరు ఎత్తుకున్నారు అని ఏళ్ళ తరబడి వెతికేవాడు. వాటిలో ఒక్కటి మాత్రం దొరకలేదు. కాలేజీ హాస్టల్లో మొదటిసారి విని నిద్రపోలేకపోయిన పాట. దాని చివర పైప్స్ మీద వచ్చే వరస. ఇప్పుడది గోడ అవతలి నుంచి వచ్చింది.

జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి తెర తీశారు. పెళ్ళికొడుకు ఆ క్షణంలో పెళ్ళికూతురి కళ్ళలోకి చూడాలి. వెంకట్ ఆమె తలమీద చెయ్యి పెట్టి, గోడవైపు చూస్తున్నాడు.

"హలో," అంది ఆశ్రిత. "ఇటు."

"ఆయన వేళ్ళు చూసినవా ఆశూ?"

"నా మొహం చూశావా నువ్వు?"

శాస్త్రిగారు తాళి చేతికిప్పించారు. "మాంగల్యధారణ ముహూర్తానికింకా వ్యవధి ఉంది నాయనా. లేచి తాళి పట్టుకుని నిలబడు. నేను చెయ్యెత్తినప్పుడు కట్టాలి. టైము మీకెందుకు, నేను చూసుకుంటాను."

అదే సమయంలో, తన మైకు ఆపి ఉందనుకుని రమాదేవి పక్కావిడతో అంటున్న మాట మెయ్‌నూత్ పెరడంతా వినిపించింది. "పిల్ల మంచిదే గని మస్తు బక్కగుందే. మావోడు తినిపియ్యాలె ఇగ."

మైకు ఆపమని చెప్పడానికి శాస్త్రిగారు చెయ్యెత్తారు.

పైప్స్ మోగాయి. ఒక మనిషి ఒళ్ళోంచి అంత నాదం ఎలా వస్తుందో ఎవరికీ అర్థం కాలేదు. పెరట్లో ఉన్నవాళ్ళంతా అలవాటు కొద్దీ అక్షింతలు వేశారు. కరీంనగర్‌లో టీవీ మీదకీ వేశారు. తలమీద బియ్యం పడగానే వెంకట్ వంగి ఒక ముడి వేసేశాడు. శాస్త్రిగారు వద్దు వద్దంటూ రెండో చెయ్యి కూడా ఎత్తారు. మేళం రెట్టింపయింది. ఆయన నీరసంగా చేతులు దించాకే ఆగింది.

"విప్పనా?" అన్నాడు వెంకట్.

"కట్టిన తాళి విప్పుతావురా?" రమాదేవి మొహం టీవీ నిండా వచ్చింది. "అన్నా, ఏందిది?"

శాస్త్రిగారు ధర్మసూక్ష్మం ఆలోచించి, ముడి అలాగే ఉంచమన్నారు. మిగతా రెండూ ముహూర్తానికి వేస్తే, పెళ్ళి ముహూర్తానికే పూర్తయినట్టు. అంతవరకూ పెళ్ళికొడుకు దారాలు వదలకూడదు. దాంతో వెంకట్ ఆశ్రిత మెడ వెనక దారాలు పట్టుకుని, వంగి ఉండిపోయాడు. ఆ భంగిమలో అతని తల సరిగ్గా గోడవైపుకి ఉంది.

"సర్," అన్నాడు ఇంగ్లీషులో, "ఆ పాట చివర వాయించింది మీరేనా?"

"ఏ పాట?" అన్నాడు కోలమ్.

వెంకట్ ఆ వరస కూనిరాగం తీశాడు.

"ఓ, అదా. దాని పేరు నాకు చాలాకాలం తెలీదు. లండన్‌లో రికార్డింగ్. ఈ వాద్యం గోల గదిలో పట్టదని నన్ను మెట్లమీద కూర్చోబెట్టారు. గాయకుణ్ణి నేను చూడనేలేదు. మర్నాటి పడవలో వచ్చేశాను. తరవాతి ఏడు చేపల దుకాణంలో వరసలో నిలబడి ఉంటే రేడియోలో వచ్చింది. ఎక్కడో విన్నానే అనుకున్నాను."

ఆ పాట తెలియనివాళ్ళు ఆ పెరట్లో లేరు. సూపర్ మార్కెట్లలో, విమానాశ్రయంలో, దంతవైద్యుడి గదిలో కూడా అదే మోగుతుంది. ఆంజనేయప్రసాద్ గోడవైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. సాధన చెయ్యండని తను చెప్పింది ఈయనకే.

"ఇంకా ఎవరితో వాయించారు సర్?" వెంకట్ గొంతు గుడిలో మాట్లాడినట్టుంది.

"ఎవరు పిలిస్తే వాళ్ళతో. ఒకసారి అమెరికా నుంచి ఒక ముసలి బ్లూస్ ఆయన వచ్చాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వాయించాం. వెళ్ళేటప్పుడు నా చెయ్యి తన రెండు చేతులతో పట్టుకున్నాడు. అంతే. ఇంకోసారి ఒక జానపద గాయని, పాట సగంలో ఏడుపొచ్చి ఆగిపోయింది. నేను కింది స్వరం ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను, ఆవిడ తిరిగొచ్చేదాకా. రికార్డులో అది అలాగే ఉంది. జనం దాన్ని కావాలని చేసిన కూర్పు అనుకుంటారు."

"మీ పేరు వేయలేదే వాళ్ళు?"

"పాట నిలబడిందిగా," అన్నాడు కోలమ్.

సత్యవాణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రోజూ ఉప్మా పెట్టింది ఇంతటి మనిషికా అని ఆవిడకి గుండె నిండిపోయింది. ఇంకొంచెం జీడిపప్పు వేయాల్సిందని కూడా అనిపించింది.

"నేను కూడా ఇక్కడే ఉన్నాను," అంది ఆశ్రిత, మెడ వంచుకునే. "ఎవరికైనా గుర్తుంటే."

ఆంజనేయప్రసాద్ తేరుకున్నాడు. గోడ దగ్గరికి పోయి, "ఆయన చెయ్యి ఇక చూడకండి. ఆయన ఊరికే ఊపుతాడు. నా చెయ్యి చూడండి," అన్నాడు.

"మీ చెయ్యి," అన్నాడు కోలమ్. "గ్రాండ్."

అతను వెనక్కి తిరిగేసరికి టీవీలో రమాదేవి సిద్ధంగా ఉంది. "అన్నా, సగం తాళి కట్టి గోడల కాడ ముచ్చట్లేంది? గిదంత చూస్తాంటే నాకు మంచిగనిపిస్తలేదు. ఆపుదాం."

"ఆపడమేంటి చెల్లెమ్మా," అన్నాడు ఆంజనేయప్రసాద్. అతను చేతులు కదపకుండా మాట్లాడగలిగిన మనిషి కాదు. "అంతా సవ్యంగా..."

సవ్యంగా అన్న మాట దగ్గర కుడిచెయ్యి ఆకాశానికి లేచింది.

మేళం, అక్షింతలు, రెండో ముడి. మూడూ ఒకదాని వెనక ఒకటి కనురెప్పపాటులో జరిగిపోయాయి. ఆంజనేయప్రసాద్ తన చేతిని తనే కిందికి లాక్కున్నాడు.

ఇంకొక్క ముడి మిగిలింది. అది కూడా ముందే పడితే ముహూర్తం కానివేళలో పెళ్ళయినట్టు. రమాదేవి కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "మూడో ముడి ముహూర్తానికే పడాలె. లేకుంటే శ్రావణం."

"శ్రావణం అంటే నేను లోపలికి వెళ్ళిపోతాను," అంది ఆశ్రిత. "డాడ్, ఐ మీన్ ఇట్."

ఆ క్షణం నుంచి ఆ పెరట్లో ఎవరూ చెయ్యెత్తలేదు. సత్యవాణి చేతులు కట్టుకుంది. ఆంజనేయప్రసాద్ రెండు చేతులూ జేబుల్లో దాచాడు. ముక్కుమీద ఈగ వాలిన ఒక అతిథి దాన్ని అలాగే భరించాడు. తెనాలిలో శాస్త్రిగారు తన చేతుల మీద తనే కూర్చుని మంత్రాలు చదివారు. గోడ అవతల కోలమ్ మాత్రం తిత్తి మీద మోచెయ్యి ఆనించి, ఎవరి చేతినీ కాకుండా అందరినీ చూస్తూ, చేపకోసం నీళ్ళలో నిలబడ్డ కొంగలా కదలకుండా ఉన్నాడు.

అప్పుడు జూమ్ ఆగిపోయింది.

శాస్త్రిగారు నోరు సగం తెరిచి, చేతుల మీద కూర్చున్న భంగిమలోనే బొమ్మయిపోయారు. ముహూర్తం ఎప్పుడో ఆయనొక్కరికే తెలుసు.

"ఇప్పుడేమో," అన్నాడు ఆంజనేయప్రసాద్.

"ఇంకా కాలేదేమో," అంది సత్యవాణి.

"దాటిపోయిందేమో మామా," అన్నాడు వెంకట్. "చెయ్యెత్తుండ్రి."

"నేనెత్తను. నువ్వెత్తు."

"నా చేతుల్ల తాళి ఉన్నది మామా."

"సత్యా, నువ్వెత్తు."

"తప్పయితే నా మీద పెడదామనా?"

ఆశ్రిత తల పైకెత్తింది. భుజాలు లేచాయి. ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

పైప్స్ అందుకున్నాయి.

ఈసారి నాదం కింద నుంచి మొదలైంది. ఒక్క స్వరం, నేలలోంచి వచ్చినట్టు. దాని మీద సన్నాయి వరస లేచింది. ఫోనులో ఒక్కసారి విన్న గట్టిమేళమే, కానీ దాని లోపల పొగమంచు ఉంది, లండన్ మెట్లున్నాయి, ఏడుపు ఆపుకున్న గాయని ఉంది. ఎవరూ చెయ్యెత్తలేదని ఎవరికీ గుర్తు రాలేదు. అక్షింతలు వాటంతటవే లేచినట్టు లేచాయి. వెంకట్ మొదటిసారి గోడవైపు కాక ఆశ్రిత వైపు చూసి, మూడో ముడి వేశాడు. వీధి అవతల కుక్కని తిప్పుతున్న ఒకాయన టోపీ తీసి నిలబడిపోయాడు.

టీవీలో బొమ్మ మళ్ళీ కదిలింది. తెనాలిలో శాస్త్రిగారి కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి ఉంది.

"శభాష్," అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ. "నేను చెయ్యెత్తడం మీకు కనపడుతుందో లేదో అనుకున్నాను. క్షణం తప్పలేదు."

రమాదేవి మైకు దగ్గరికి వంగి, "గసొంటి బాజా నేనెన్నడు ఇనలే అన్నా. గా పెద్దమనిషికి నా దండం చెప్పు," అంది.

ఆంజనేయప్రసాద్ గోడ దగ్గరికి వెళ్ళాడు. "ఎవరూ చెయ్యెత్తలేదు కదా. మీకెలా తెలిసింది?"

"చేతులు అబద్ధం చెప్తాయి ప్రసాద్," అన్నాడు కోలమ్, తిత్తి పట్టీ విప్పుకుంటూ. "ఈ పనిలో నేను నమ్మేది ఊపిరిని. అద్దం అవతల గాయకులు నాకు వినపడకపోయినా భుజాలు కనపడతాయి. పాట ఎత్తుకునే ముందు ఎవరైనా అలాగే నిండా తీస్తారు. మీ అమ్మాయి తీసింది. నేను అందుకున్నాను."

వెంకట్ కళ్ళు చెమర్చాయి. భార్యవైపు తిరిగి, భక్తితో అడిగాడు. "ఆశూ, పాట పాడుదామనుకున్నవా?"

"పాట కాదు," అంది ఆశ్రిత, మెడలో తాళి సర్దుకుంటూ.

ఆ ఊపిరితో ఆమె ఏమనబోయిందో ఎవరికీ వినపడలేదు. గట్టిమేళం పెట్టిందే అందుకని తెనాలి నుంచి శాస్త్రిగారు ధ్రువీకరించారు.