ఒరిజినల్ చెవులు

వినికిడి శాస్త్రంలో పీహెచ్‌డీ సీటు వచ్చినవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లతో పాటు ఒరిజినల్ చెవులు కూడా ఆ విశ్వవిద్యాలయం ఆఫీసులో అప్పగించాలి. మునుపు సర్టిఫికెట్లు మాత్రమే ఉంచుకునేవాళ్లు. ఎవడో ఒక విద్యార్థి, మంచి ఉద్యోగం దొరకగానే, పోతే పోయాయిలెమ్మని వాటిని వదిలేసి మధ్యలోనే చెక్కేశాడు. చెవులు ఇక్కడుంటే మనిషి ఎక్కడికీ పోడని అప్పటి పాలకమండలి కనిపెట్టింది. కనిపెట్టినవాళ్లలో ముగ్గురు చెవి డాక్టర్లే.

హైమ తొమ్మిదేళ్లుగా ఓ ఆసుపత్రిలో పిల్లలకు వినికిడి పరీక్షలు చేస్తోంది. ఆమె కూతురు వెన్నెలకి పుట్టుచెవుడు. ఎనిమిది నెలల కిందట ఆపరేషన్ చేసి తలలో పరికరం అమర్చారు. మూడున్నరేళ్ల పిల్ల ఇప్పుడు కుక్కర్ కూతకి ఉలిక్కిపడుతోంది, గ్లాసు కింద పడితే తిరిగి చూస్తోంది. నోట్లోంచి మాత్రం ఒక్క మాటా రాలేదు. మెదడు నేర్చుకుంటోంది, ఏడాదిలోగా మొదటి మాట వస్తుందన్నారు డాక్టర్లు. ఆ మాట తన చెవులారా వినాలి, అంతకు మించి హైమకి ఈ లోకంలో కావలసిందేమీ లేదు. అది ఎలా పుడుతుందో తెలుసుకోవాలనే ఈ సీటుకి దరఖాస్తు పెట్టింది. వయసు రీత్యా ఇదే ఆఖరి అవకాశం.

"కమ్మలు తీసేసి ఇవ్వండమ్మా. బంగారానికి బాధ్యత మాది కాదు," అన్నాడు సీనియర్ అసిస్టెంట్ సోమరాజు.

"మా పాప మొదటి మాట ఈ ఏడే వస్తుందండీ. అప్పుడెలాగ?"

"వినికిడి అనుమతి అని ఒకటుందిగా. గైడు గారి సిఫార్సుతో అర్జీ పెట్టుకోండి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా నా ఎదురుగా చెవులు పెట్టుకుని వినొచ్చు. గురువారాలు మాత్రమే."

హైమకి ఇది సబబుగానే తోచింది. కమ్మలు తీసి పర్సులో వేసుకుంది, చెవులు తీసి బల్ల మీద పెట్టింది. సోమరాజు వాటిని కవర్లో వేసి, నంబరు రాసి, బీరువాలో మిగతా ఐదు కవర్ల పక్కన సర్దాడు. గెజిటెడ్ అధికారి సంతకం చేసిన జిరాక్స్ చెవులు రెండు ఆమెకిచ్చారు. వాటితో వినపడదు గానీ కళ్లజోడు నిలుస్తుంది. చెవులున్నప్పుడే నా మాట వినలేదు, ఇప్పుడు కొత్తగా పోయేదేముందని అత్తగారన్నట్టు ఆ సాయంత్రం భర్త కాగితం మీద రాసి చూపించాడు.

మర్నాడే అర్జీ పెట్టింది. పిల్ల సంతకం లేదని మొదటిసారి తిరిగొచ్చింది. 'వినదలచిన మాట' అనే గడి ఖాళీగా ఉందని రెండోసారి. ఇంకా రాని మాట ఏదని రాయాలని హైమ అడిగితే, వచ్చాక అడిగితే అది అనుమతి ఎలా అవుతుందని సోమరాజు చీటీ మీద రాశాడు. అదీ నిజమే. 'మొదటిది' అని రాసి మళ్లీ ఇచ్చింది. గురువారం గురువారం కూతుర్ని వెంటబెట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడేది.

పదకొండో గురువారం ఫైలు వచ్చింది. ఒక్క సంతకమే తక్కువ, ఆ సంతకం పెట్టే ఆయన మీటింగులో ఉన్నారు. సోమరాజు మంచివాడు. సంతకం రాగానే ఆలస్యం కాకూడదని కవరు తీసి, చెవులు ముందే బల్ల మీద పెట్టి ఉంచాడు. వెన్నెల మునివేళ్ల మీద లేచి చూసింది. తల్లి చెవిని గుర్తుపట్టినట్టుంది, మొహం వెలిగిపోయింది. బల్ల పట్టుకుని వంగి, ఆ చెవికి నోరు ఆనించి ఏదో అంది.

మొదటి మాట, హైమ చెవిలోనే, తనకి జానెడు దూరంలో. ఆమెకి కనిపించింది మాత్రం పిల్ల పెదాలు ఒకసారి కలిసి విడిపోవడం. అమ్మ అన్నా, అప్ప అన్నా, అబ్బ అన్నా పెదాలు ఒకేలా కదులుతాయి. చూస్తే తేడా తెలియదు, వినాల్సిందేనని ఎంతోమంది తల్లులకి తనే చెప్పింది.

చెవి కోసం చెయ్యి చాపింది. సోమరాజు తన చెయ్యి అడ్డం పెట్టి, సంతకం లేని గడి చూపించాడు. "ఏమంది? ఏమందండీ?" అని అడిగింది. సెక్షన్‌లో అందరూ తలలు తిప్పి చూశారు కాబట్టి, తను అరిచి ఉంటానని అనుకుంది. సోమరాజు మాట విన్నాడు, ఆ సంగతి అతని మొహంలోనే ఉంది. చీటీ మీద మాత్రం ఇలా రాశాడు: 'ఆ చెవి విన్నది పరిశోధన సమాచారం. చెప్పే అధికారం నాకు లేదు.'

హైమ కూతుర్ని ఎత్తుకుని, మళ్లీ అనమని బతిమాలింది. పిల్ల కాగితం చెవుల వంక చూడను కూడా చూడలేదు. బల్ల వైపే వంగిపోయి, దాని మీది చెవితో గలగలా ఏదో చెబుతూ నవ్వింది.

ఒంటిగంటకి ఇంకో పత్రం వచ్చింది. మొదటి మాట ఏమిటో రాసి, స్వయంగా విన్నట్టు అభ్యర్థి సంతకం చేయాలి. చేయకపోతే మాట రానట్టే. వినికిడి అనుమతికి అర్జీ పెట్టాక ఏడాదిలో మాట నమోదు కాకపోతే సీటు రద్దు, చెవులు విశ్వవిద్యాలయానికే చెందుతాయి.

"నేను వినలేదు కదండీ," అంది హైమ.

'ఎవరూ వినరమ్మా. అందరూ సంతకం పెడతారు,' అని రాసి, పెన్ను ఆమె వైపు జరిపాడు సోమరాజు.

హైమ పెన్ను అందుకుంది. చివరికి 'అమ్మ' అని రాసి, కింద సంతకం పెట్టింది. సోమరాజు అది చదివాడు. ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు. తల దించుకుని గుండ్రటి ముద్ర వేశాడు.

ముద్ర పడ్డాక ఇక సందేహమేముంది? వెన్నెల మొదటి మాట అమ్మే. హైమ కాపీ మడిచి పర్సులో పెట్టుకుని, దారిలో అరకిలో మిఠాయి కొని, వీధిలో అందరికీ పంచింది.