మాస్టారు దించారంట

ఆ ఆదివారం పొద్దున జైరాం సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటల్లోపు కొత్త ప్యాంటు కాళ్లు రెండంగుళాలు తగ్గించుకోవాలి. పదకొండింటికి రూప్‌సింగ్ వచ్చేసరికి ఆ ప్యాంటులో నిలబడి నమస్కారం పెట్టాలి.

రూప్‌సింగ్ భద్రాచలంలో ఉండే రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. ఆయన కూతురు సువర్ణ మీద జైరాం కొడుకు బాలకృష్ణ మనసు పడ్డాడు. పిల్ల సరేనంది. ఒప్పుకోవలసింది తండ్రి ఒక్కడే. ఆయన మనిషిని కాళ్ల దగ్గర నుంచి చూడడం మొదలుపెడతాడని పేరు. ఇప్పటికి రెండు సంబంధాలు తిప్పి పంపాడు. ఒక పిల్లాడి తండ్రి చొక్కాకు బొత్తం లేదట. ఇంకొకాయన చెప్పులు రెండూ ఒక జతవి కావట. అందుకే బాలకృష్ణ ఖమ్మంలో మంచి ప్యాంటు కొని పంపాడు. కాళ్ల చివర పైకి మడిచి కుట్టిన పట్టీలతో దర్జాగానే ఉంది. తొడుక్కుంటే మాత్రం సారు పాదాలు కనిపించలేదు.

పర్ణశాల దారిలో ఉన్న ఆ ఊరికి ఒక్కడే టైలరు. అతను కల్లూరులో పెళ్లికి పోయాడు. ఇంట్లో భార్య రూప్లి కుట్టుమిషను ఉంది. ఆమె పోయిన ఈ రెండేళ్లూ సారు దాని మీది గుడ్డ దులిపి మళ్లీ కప్పాడే గాని, తొక్కలేదు. ఇప్పుడు తొక్కి చూస్తే చక్రం కిర్రుమనకుండా తిరిగింది. ఎప్పుడు వేసి పెట్టిందో నూనె, ఇంకా ఆరలేదు.

అయినా ముందు కూతురిని అడగడం మేలనుకున్నాడు. సోని బోనకల్‌లో ఉంటుంది, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. సెల్లుకు ఆ ఊళ్లో బోరింగు గట్టు మీద తప్ప సిగ్నల్ ఉండదు. సారు లుంగీ ఎగ్గట్టి గట్టెక్కాడు. ఇంట్లో లంబాడీలో గుసగుసగా మాట్లాడుకునే ఆ తండ్రీకూతుళ్లకు సెల్లు చెవిన పెట్టగానే తెలుగు వచ్చేస్తుంది, అదీ అరుపులతో.

"సోనీ! కొత్త ప్యాంటు పొ…"

సిగ్నల్ 'పొ' దగ్గర తెగి, మిగతా మాట మింగేసి మళ్లీ కలిసింది. పొడుగైందనే సారు అన్నాడు. కానీ పుట్టినప్పటి నుంచీ తండ్రిని మడమల పైకెగిసిన ప్యాంట్లలోనే చూసిన సోని, దాన్ని పొట్టిగా పూర్తి చేసుకుంది.

"గంతేనా నాన్నా? కింది మడత విప్పి రెండించీలు దించు. జల్దీ అయిపోతది."

ధర దించడమంటే తగ్గించడమే గదా, ప్యాంటు దించినా అంతేననుకున్నాడు లెక్కల సారు. ఇంటికి పోయి బ్లేడుతో ఒక కాలి మడత విప్పాడు. రెండంగుళాలు తగ్గవలసిన కాలు మూడంగుళాలు పెరిగింది. మళ్లీ గట్టెక్కాడు.

"ప్యాంటు దించిన బిడ్డా! నువ్వు దించమంటేనే దించిన! ఇంకా దించాల్నా?" అని ఊరు దద్దరిల్లేలా అరిచాడు.

పక్కనే బిందె పట్టుకుంటున్న సుబ్బరత్నం ఉలిక్కిపడి చూసింది. సారు ఒంటి మీద లుంగీయే ఉంది. అప్పుడే దించేశారన్నమాట! ఆమె బిందె అక్కడే వదిలేసి, మూలమలుపులో దూలయ్య హోటల్ దగ్గర చాయ్ తాగుతున్న భర్త వెంకటప్పయ్య దగ్గరికి పరుగెత్తింది. ఆ దంపతులు కోస్తా నుంచి వచ్చి మిరప సాగులో స్థిరపడ్డవాళ్లు. పరాయి మగవాడి ప్యాంటు మాట నలుగురిలో ఎలా అనగలదు?

"ఏవండీ, తొందరగా వెళ్లండి. మాస్టారు దించారంట!"

అది ఆమె యాసలో మర్యాద. దూలయ్య యాసలో ఒక్కరు దించితే దించిండు. దించారంటే నలుగురు కలిసి దించడమే. పోయే ప్రాణాన్ని మంచం మీద ఉంచరు, నేల మీదికి దించుతారు.

"అయ్యో! సారునా! ఎప్పుడమ్మా?" అన్నాడు దూలయ్య.

"ఇప్పుడే, బోరింగు దగ్గర."

"బోరింగు కాడనా! నిన్న గూడ మంచిగుండె గదా!"

"అదే నా ఆశ్చర్యం. అంత చదువుకున్నాయన!"

"సదువుకుంటే ఏంది తల్లీ? ఏదో ఒకనాడు అందరికీ తప్పదు గదా."

సుబ్బరత్నం బిత్తరపోయి భర్త వైపు జరిగింది. అప్పుడే బస్సు ఆగింది. ఇస్త్రీ మడతలు చెదరని రూప్‌సింగ్ దిగి, జైరాం సారు ఇల్లెక్కడని అడిగాడు.

"జల్దీ పో అన్నా," అన్నాడు దూలయ్య కండువాతో కళ్లు తుడుచుకుంటూ. "సారును దించిన్రంట."

పర్ణశాల గుడికి పోయేవాళ్ల కోసం పక్కనే పూలదండలు అమ్ముతారు. రూప్‌సింగ్ ఒకటి కొన్నాడు. వెంకటప్పయ్యతో సహా సగం ఊరు ఆయన వెంట నడిచింది.

ఇంట్లో సారు అవస్థ సారుది. పెరిగిన కాలును కత్తిరిస్తే పిక్క దాకా పోయింది. రెండోదైనా సరిగ్గా గుర్తు పెట్టుకుందామంటే, వంగితే ప్యాంటు లేస్తుంది, నిటారైతే సుద్దముక్క అందదు. గుర్తు పెట్టడానికి కాళ్ల దగ్గర ఇంకో మనిషి కూర్చోవాలి. ఇన్నాళ్లూ రూప్లి కూర్చునేది. ఇక ఒక్కటే దారి. ప్యాంటు తొడుక్కుని గచ్చు మీద వెల్లకిలా పడుకుని, పాదాలు దగ్గరికి చేర్చి, పొట్ట కదిలితే కొలత కదులుతుందని ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని కాలి బొటనవేలితో ప్యాంటు అంచు అందాజు చూస్తున్నాడు.

గుమ్మంలో రూప్‌సింగ్ కూలబడ్డాడు.

"అయ్యో వియ్యంకుడా! ఇద్దరిని వద్దన్న, నీ సంబంధం ఖాయం చేద్దామని వస్తి గదా! నీ అసుంటి మనిషి మల్ల దొరుకుతడా వియ్యంకుడా!"

రెండోసారి ఆ మాట విన్నాక బిగబట్టిన ఊపిరి ఆగలేదు. సారు లేచి కూర్చున్నాడు.

"రా బావా, రా. కూసో."

రూప్‌సింగ్ పెట్టిన కేక బోరింగు దాకా వినిపించింది. సారు నిలబడి, చేతులు జోడించి, అనుకున్నట్టే నమస్కారం పెట్టాడు. గుండె కుదుటపడ్డాక రూప్‌సింగ్ చూపు అలవాటు కొద్దీ కిందికి దిగింది. ఒక కాలు పిక్క మీద, ఒక కాలు నేల మీద. ఆయన నోరు తెరిచాడు.

"ఊరందరి ముందు వియ్యంకుడా అన్నారు గదండీ," అన్నాడు వెంకటప్పయ్య.

"అవ్, రెండుసార్లన్నడు, నేను లెక్కపెట్టిన," అన్నాడు దూలయ్య.

రూప్‌సింగ్ నోరు మూసుకున్నాడు. చేతిలో దండ మిగిలింది. సారు దాన్ని మెల్లగా అందుకుని, గోడ మీద రూప్లి ఫోటోకు ఎండిపోయి ఉన్న పాత దండ తీసి ఇది వేశాడు. సరిగ్గా సరిపోయింది. ఆ ఇంట్లో ఆ రోజు కొలత కుదిరింది దానికొక్కదానికే.

పెళ్లికి మాత్రం పంచె కట్టుకుని రమ్మని రూప్‌సింగ్ ముందుగానే కబురు పెట్టాడు.