నలభై ఏళ్లలో మొదటి రిపేరు

సుప్రసిద్ధ బ్రాంబ్లీ రైఫిల్ కంపెనీ నాలుగో యజమాని చేతికి వచ్చిందనీ, దాంతో నాణ్యత నాలుగింతలైందనీ మా దోహా ఏజెన్సీ మేనేజరు జియావుద్దీన్ గారు ప్రకటించారు. నాణ్యత ఇంతగా పెరిగాక కూడా రిపేరు సెక్షన్ ఉంచుకోవడం కంపెనీకి అవమానం కనుక, దాన్ని నెలాఖరుకు మూసేస్తున్నామని సెలవిచ్చారు. స్టోర్ కీపర్ని కాబట్టి చప్పట్లు నేనే మొదలుపెట్టాను.

బ్రాంబ్లీ చరిత్ర క్లుప్తంగా మనవి చేస్తాను. మొదట్లో తండ్రీకొడుకులు కూర్చుని చేసేవారు. ఆ రోజుల్లో వాళ్ల ఊరి బడిపంతులు రెండు నెలల జీతం పెట్టి ఒకటి కొంటే మనవడి దాకా పనిచేసేదట. తర్వాత ఓ బ్యాంకు కొని ధర పెంచింది. ఆ బ్యాంకు నుంచి ఓ ఫండు కొని ఇనుము తగ్గించింది. ఇప్పుడు కొన్న మహానుభావులు బాత్‌రూం కుళాయిలు చేస్తారు. అక్రోటు చెక్క పోయి ప్లాస్టిక్ వచ్చింది, ధర పద్దెనిమిది వేల రియాళ్లయింది. అలాగని పంతుళ్లను మరిచిపోలేదు. వాళ్లు కూడా కొనుక్కోగలిగేలా నలభై రియాళ్లకు కేటలాగు వేశారు.

రిపేరు సెక్షన్ అంటే రాజన్న ఒక్కడే. జగిత్యాల వైపు వడ్రంగి. మా దగ్గరికి రాకముందు అల్ తుమామా స్టేడియంలో కుర్చీలు బిగించాడు.

"నేను బిగిచ్చిన కుర్చీల ఒక్కపారి కూసొని వరల్డ్ కప్ మ్యాచ్ చూసి పోదామనుకున్న రావు సార్," అన్నాడు. "మా ఇంటామె గౌరవ్వకు సుత చెప్పిన. ఇంక తొమ్మిది నెలలే ఉండె. గిప్పుడు వీసా క్యాన్సల్ చేసి ఎగ్జిట్ కొడ్తే ఇంటికాడ టీవీల చూసుడే."

నాకు నిజంగానే బాధేసింది. అందుకే మాట మార్చాను.

సరిగ్గా ఆ వారమే ఎమ్మెల్యే జలంధర్ గారు స్టేడియాల అధ్యయనానికి దోహా వచ్చారు. ఆయన నియోజకవర్గంలో స్టేడియం లేదు, కట్టడానికి స్థలమూ లేదు. అందువల్ల అధ్యయనం తీరిగ్గా సాగుతోంది. ఇప్పటికి నాలుగో పార్టీలో ఉన్న అనుభవశాలి. ఆయన చేతుల మీదుగా కొత్త బ్రాంబ్లీని పేల్పించి, ఫొటో పేపర్లకు పంపాలని మేనేజరు గారు నిశ్చయించారు.

ముందురోజు షూటింగ్ రేంజిలో మూడు డబ్బాలు విప్పి చూశాం. మొదటిది పేలలేదు. రెండోదాని బోల్టు ఊడి చేతికొచ్చింది. మూడోది పేలింది గానీ, ట్రిగ్గర్ ఎవరూ నొక్కలేదు.

"రాజన్నా, రేపు గోలీ పేలాలె, నిషానాకు తగలాలె. బస్," అన్నారు మేనేజరు గారు.

"రిపేర్ చేస్తందుకు ముందుగాల లోపట సామాను ఉండాలె గద సార్," అన్నాడు రాజన్న.

"యల్లా, కానియ్," అని ఆయన కారెక్కారు.

రాజన్న బల్ల మీద అబూ నాసర్ గారనే ఖతారీ పెద్దాయన పాత బ్రాంబ్లీ ఉంది. నలభై ఏళ్ల కిందటిది, చెక్కకు పాలిష్ కోసమే వచ్చింది. రాజన్న దాని లోపలి సామానంతా ఊడదీసి కొత్తదాంట్లో, కొత్తదాని సామాను పాతదాంట్లో పెట్టాడు. కొలతలు మార్చే ఖర్చు కూడా కొత్త యజమానులు పెట్టుకోలేదు గనుక అచ్చంగా సరిపోయింది.

"కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నావు రాజన్నా. ఇది పేలిందంటే నీ అవసరం లేదని తేలిపోతుంది కదా," అన్నాను.

"పేల్తే నెలాఖరుకు పోత సార్. పేలకపోతే రేపే పోత."

మర్నాడు జలంధర్ గారు కళ్లు రెండూ మూసుకుని పేల్చారు. గుండు అట్ట నడిమధ్యలో తగిలింది. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే.

"ఈ తుపాకిని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టున్నది," అన్నారు మైకులో. "ఓనర్లు మారిన్రు. పేరు మారిందా? పైన మెరుపు తగ్గిందా? లోపల ఏమున్నదని అడిగేటోళ్లకు ఇదే జవాబు."

ఆ రైఫిల్ని షోరూంలో అద్దాల బీరువాలో పెట్టి, 'అమ్మకానికి కాదు' అని అట్ట కట్టి, తాళంచెవి నాకిచ్చారు. రాజన్నకు ముప్పయ్యో తారీఖు టికెట్ ఇచ్చారు.

ఇరవై తొమ్మిదో తారీఖున అబూ నాసర్ గారు, పాలిష్ అయ్యాక తీసుకెళ్లిన తన రైఫిల్ని మళ్లీ తెచ్చి బల్ల మీద పెట్టారు. మా షోరూం ఉన్న భవనం ఆయనదే.

"మా నాన్న కొన్నది. నలభై ఏళ్లలో దీనికి రిపేరు రావడం ఇదే మొదటిసారి. ఎవరు బాగుచేస్తారు?" అన్నారు.

"రిపేరు సెక్షన్ మాఫీ, ఇప్పుడు లేదు..." అని మొదలుపెట్టి, ఆయన ముఖం చూసి, "మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు," అని ముగించారు మేనేజరు గారు.

సూట్‌కేసుకు తాడు కడుతున్న రాజన్నను లేబర్ క్యాంపు నుంచి కారులో తెచ్చాం. అతను రైఫిల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, చాలాసేపు తల ఆడించాడు.

"ఎన్ని రోజులు పడ్తది?" అన్నారు మేనేజరు గారు.

"కొత్త క్వాలిటీ లోపటిదాకా పోయింది సార్. ఒక్కొక్కటి చేత్తోని చెయ్యాలె. వరల్డ్ కప్ అయ్యేదాకా పడ్తది."

టికెట్ మేనేజరు గారే చించేశారు.

ఇది జరిగి నెలైంది. జలంధర్ గారు ఐదో పార్టీలో చేరినట్టు పేపర్లో చూశాను, ఫొటోలో మెరుపు ఏమాత్రం తగ్గలేదు. రాజన్న రోజూ ఎనిమిదింటికి వచ్చి అబూ నాసర్ గారి రైఫిల్ ముందు భక్తిగా కూర్చుంటాడు. అద్దాల బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంది. అతను ఇంతవరకూ అడగలేదు.